గిరక మొత్తుకుంటె దౌడు

మా అబ్రాహాం సారు ఏ పనైనా ఇడువకుండ చేసినట్టు నేను ఎన్నడు సూడలే. కొంచెం సేపు ఒంటిమీద తేలు వడ్డట్టు చేసుడు, మల్ల కొంచెం సేపు మడిల కొంగ లెక్క నిలవడుడు. నడిస్తె గట్లనే, తింటె గట్లనే, మాట్లాడితె గట్లనే. ఇరవై మాటలు గడగడ అనేటోడు, తరువాత నోరు మూసుకొని, ముక్కుతోని గాలి పీల్చుకుంట మన మొఖం సూసేటోడు. కొత్తోళ్లు ముచ్చట అయిపోయిందనుకొని లేసిపోయేటోళ్లు. వాళ్లు సగం దూరం పోయినంక ఎనుక నుంచి మిగిలిన సగం ముచ్చట వచ్చేది.

ఆయన మా ఎల్లారెడ్డి బడిల డ్రిల్లు సారు. నేను చెప్పేది ఫస్లీ పదమూడు వందల నలభై ఆరు, నలభై ఏడు నాటి సంగతి, అంటె ఇంగ్లీషు లెక్కల ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. నా పేరు రాజేశం, సాలోళ్ల పోరన్ని. సారు తయారు చేసిన ఫుట్‌బాల్ జట్టుల ఎడమ దిక్కు ఉరికేటోన్ని. ఆయన ముచ్చట చెప్పుకొని నవ్వేటోళ్లు మా ఊర్లె ఇప్పటికి ఉన్నరు. నేను కూడ నవ్వుకుంటనే చెప్త. కాని నేను ఆయనకు ఒక అన్యాయం చేసిన. అది దాచిపెట్టి నవ్వితె నాకు తిన్నది అరుగదు.

ఒకసారి సత్తార్ వాళ్లింట్ల దావత్ అయింది. సత్తార్ మా జట్టుకు గోల్‌కీపర్. సారు కూసున్నడు, ఐదు బుక్కలు గబగబ మింగిండు, చెయ్యి గాల్లె వెట్టి ఆగిండు. వడ్డించేటాయన ఈయనకు సాలిందేమో అనుకొని ముందటి రకాబి ఎత్తుకపోయిండు. సారు దమ్ తీసుకునుడు అయినంక చెయ్యి కిందికి దించితె దస్తర్‌ఖాన్ బట్ట తగిలింది. "సత్తార్, మీ ఇంట్ల బువ్వ కూడ దౌడు తీస్తదిరా" అన్నడు. రకాబి మల్ల తెప్పియ్యనీకి సత్తార్ వాళ్లవ్వ స్వయంగ రావలసి వచ్చింది.

ఆయన భార్య మరియమ్మ మా అవ్వ ఈరవ్వ కాడ నెత్తి కొట్టుకునేది. "ఆయనతోని కొట్లాడుడు కూడ మనిషి చేసే పని కాదు ఈరవ్వా. మంచిగ కొట్లాట ఊపు మీద ఉంటది, నడుమ ఆపి నిలవడతడు. ఆయన మల్ల మొదలు వెట్టేసరికి నా కోపం చల్లారి, దేనికోసం అందుకున్ననో కూడ మరిచిపోత."

"మా ఆయనకు కూడ జర నేర్పుమనరాదు" అన్నది మా అవ్వ.

సారు నోట్లె ఎప్పుడు రెండే మాటలు. ఒకటి దౌడ్, ఇంకోటి దమ్. దౌడ్ అంటె పానం మీద ఆశ లేనట్టు ఉరుకాలె. దమ్ అంటె యాడున్నోడు ఆడనే నిలవడి ఊపిరి పీల్చుకోవాలె. మా దిక్కు ఊపిరినీ దమ్ అంటరు, గుండె ధైర్యాన్నీ దమ్ అంటరు, ఊపిరాడని బీమారిని దమ్ము అంటరు. ఒక్క మాటకు గిన్ని అర్థాలుండుడే ఆఖరికి నా కొంప ముంచింది.

సారుది పక్కా కొలువు కాదు. బడికి పెద్ద సారు ఒకాయన ఉండె, మేం సదర్ సాబ్ అనేటోళ్లం. ఏడాదికోసారి ఆయన కాగితం మీద దస్తఖత్ పెడితేనే మా సారు కొలువు ఇంకో ఏడాది నడిచేది. అబ్రాహాం సారు పదేండ్ల పోరడప్పుడు పోచారం అవుతలి ఊర్లె ఒక పటేలు కాడ జీతమున్నడు. పొద్దందాక ఎడ్లతోని బాయి నీళ్లు తోడే మోట కొట్టేటోడు. మెదకు పాదిరి దొరలు తీసుకపోయి చదువు చెప్పిన్రు, ఫుట్‌బాల్ నేర్పిన్రు. "ఈ కొలువు పోతె నేను మల్ల మోటకాడికే పోవాలె, బిడ్డా" అనేటోడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆయన దమ్ తీసుకునుడు నేను సూడలే. ఒక్క గుక్కల అనేసి వేరే ముచ్చట ఎత్తుకునేటోడు.

మరి గంత భయపడ్డ మనిషి మాకు డ్రిల్లు చేపిచ్చింది దేనితోననుకున్నరు? మోటతోనే. మా మైదాన్ పక్కపొంటి బాలమల్లు అనే రైతు బాయి ఉండె. బాయి ఒడ్డు మీద రెండు గుంజల నడుమ గిరక. గిరక మీదికెల్లి మోకు, మోకుకు తోలు బొక్కెన. ఎడ్లు దిగుడు బాటల కిందికి గుంజితె నీళ్ల బొక్కెన పైకి వస్తది, బరువుకు గిరక కీచుమని మొత్తుకుంటది. నీళ్లు కాలువల వడ్డంక ఎడ్లు ఎనుకకు ఎనుకకు అడుగులేసుకుంట బాట ఎక్కుతయి. అప్పుడు ఉత్త బొక్కెన గనుక గిరక సప్పుడు చెయ్యది.

"గిరక మొత్తుకుంటె దౌడ్. గిరక నోరు మూసుకుంటె దమ్. సమజైందా?" అన్నడు సారు.

"సార్, బాలమల్లన్న చుట్ట తాగనీకి కూసుంటే?" అన్నడు సత్తార్.

"గప్పుడు నువ్వు కూడ దమ్ తీసుకో. ఎద్దుకన్న ఎక్కువ ఉరుకుమని నేను అడుగుత లేను గద."

గంతే, మల్లనాడు సాయంత్రం నుంచి బాలమల్లు ఎడ్లే మాకు గడియారం. సీటీ లేదు, లెక్క లేదు. గిరక కీచుమంటె ఇరవై రెండు మంది పోరగాండ్లం పులి తరిమినట్టు ఉరుకుడు, గిరక ఆగితె నడుము మీద చేతులు వెట్టుకొని నిలవడుడు. బాటన పోయేటోళ్లు ఆగి సూసి పోయేటోళ్లు. ఎండకాలం వచ్చింది, బాయిల నీళ్లు అడుక్కు పోయినయి. బొక్కెన లోపటికి దిగాలె గనుక ఎడ్లు నడిచే బాట పొడుగైంది, దాంతోని మా దౌడు పొడుగైంది. మేం రోజు ఆటకు ముందు బాయిలకు తొంగి సూసి, నీళ్లు ఇంకో మూరెడు దిగినయని ఏడ్చేటోళ్లం. ఆ ఏడు వాన కోసం రైతులకన్న మేమే ఎక్కువ మొక్కినం.

ఒకనాడు బాలమల్లు భార్య చంద్రవ్వ, ఆ కీచు సప్పుడుకు తలనొప్పి లేస్తున్నదని, గిరకకు ఆముదం వోసింది. మేం మైదాన్‌ల నిలవడ్డం. గిరక మొత్తుకోదు. ఎడ్లు దిగుతున్నయి, ఎక్కుతున్నయి, కాలువ పారుతున్నది, మేం మాత్రం పాతిన గుంజల లెక్క ఉన్నం. సత్తార్ నిలవడే కునుకు తీసిండు. సారు బాయికాడికి ఉరికి గిరక ముట్టి సూసిండు. చేతికి ఆముదం అంటింది.

"చంద్రవ్వక్కా, ఎంత పని చేసినవ్" అన్నడు, ఏడుపొక్కటే తక్కువ. "గడియారంల నూనె వోసినవ్ గదనే."

"గిరకకు నూనె వొయ్యక నీ నెత్తికి వొయ్యాల్నా?" అన్నది చంద్రవ్వ.

మూడు దినాలు ఆయన బూడిద తెచ్చి గిరకకు రుద్దిండు. నాలుగోనాడు అది మల్ల కీచుమన్నది. సారు మొఖంల ఎలుగు సూడాల్సింది, ఇంట్ల బిడ్డ పుట్టినట్టే.

పెద్ద పోరగాండ్లు చెప్పేటోళ్లు, అంతకుముందు ఏడాది ఈయనకు గిసొంటి పిచ్చి లేకుండెనట. అందరి లెక్కనే మైదాన్ చుట్టు పది చుట్లు ఉరికిచ్చేటోడట, బువ్వ కూడ మామూలుగనే తినేటోడట. నేను జట్టుల చేరిన వారానికే ఆయనకు మోట పిచ్చి వట్టుకున్నది. "రాజేశం పాదం గట్లాంటిది" అని నన్ను ఎక్కిరిచ్చేటోళ్లు.

నాదొక గుట్టు ఉండె. నాకు చిన్నప్పటి నుంచి దమ్ము. మగ్గం కాడ దూది దుమ్ము లేసినా, సలిగాలి కొట్టినా ఎదల పిల్లికూతలు మొదలయ్యేవి. అది మా అవ్వకు తప్ప నరమానవునికి తెల్వదని నా నమ్మకం. తెలిస్తె జట్టులకెల్లి తీసేస్తరని నా భయం. చేరిన తొలినాడు మూడో చుట్టుకే కూలవడ్డ. ఏమైందిరా అంటె కాలికి ముల్లు దిగిందన్న. సారు నా అరికాలు ఒళ్లె వెట్టుకొని శాన సేపు దేవులాడిండు. "శాన లోపటికి పోయిందిరా ముల్లు" అని నన్ను ఇంటికి పంపిండు. నేను తప్పిచ్చుకున్ననని సంబురపడ్డ.

ఇగ కామారెడ్డి ముచ్చట. కామారెడ్డోళ్లకు రైలున్నది, మాకు లేదు. గా ఒక్కదాని మీద వాళ్లు మమ్మల్ని చెట్లల్ల తిరిగేటోళ్ల లెక్క సూసేటోళ్లు. ఏడాదికోసారి వాళ్ల బడితోని మా బడికి ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యేది, అది కూడ వాళ్ల ఊర్లెనే. నలభై ఆరు ఫస్లీల మేం సర్కారు బస్సెక్కి పోయినం. సారు డ్రైవర్ పక్కకు కూసోని ఊర్కుండలే.

"ఎంత సేపు ఉరికిస్తవ్ అన్నా? ఇంజన్‌కు దమ్ ఇయ్యవా?"

"ఇంజన్‌కు దమ్ ఏంది సారు, ఇది ఎద్దా?"

ఇంకో కోసు దూరం పోయినమో లేదో ఇంజన్ మూతికెల్లి పొగలు లేసినయి. డ్రైవర్ బండి ఆపి నీళ్లు వొయ్యవట్టిండు. సారు దిగి నడుము మీద చేతులు వెట్టుకొని బస్సు పక్కన నిలవడి, బస్సుతోని కలిసి దమ్ తీసుకున్నడు. డ్రైవర్ మల్ల దారి పొడుగున ఆయన దిక్కు సూడలే.

వాళ్ల మైదాన్ టేషన్‌కు పోయే బండ్ల బాట పక్కన ఉండె. మ్యాచ్ మొదలైన కొంచెం సేపటికి వడ్ల బండ్లు వచ్చినయి, ఒకటెనుక ఒకటి పన్నెండు. ఇరుసులకు ఎన్నడు నూనె వెట్టిన్రో ఏమో, కీచు కీచుమని ఊరంత మొత్తుకుంటున్నయి. ఇగ సూడున్రి. మా కాళ్లు మా మాట ఇనలే. బాల్ యాడున్నదో సూడకుండ పది మందిమి దౌడందుకున్నం. ఒక బండి పోతె ఇంకో బండి, సప్పుడు ఆగదు, మేం ఆగం. సారు గీత అవుతల నుంచి "అది గిరక కాదురా, బండిరా" అని మొత్తుకుంటున్నడు, ఆయన మాట బండ్ల సప్పుడుల కలిసిపోయింది. అంతల రైలు గేటు వడ్డది. పన్నెండు బండ్లు ఒక్కపారి ఆగినయి. మేం కూడ ఆగినం. నడుము మీద చేతులు వెట్టుకొని, బాల్ కాళ్ల ముందట ఉన్నా ముట్టకుండ నిలవడ్డం.

కామారెడ్డి కప్తాన్ పరేషాన్ అయి సత్తార్‌ను అడిగిండు. "ఏమైంది మీ వాళ్లకు? ఎవరన్న సచ్చిపోయిన్రా?"

"లేదు, దమ్ తీసుకుంటున్నరు" అన్నడు సత్తార్, వాడు కూడ నిలవడే.

వాళ్లు మా నడుమకెల్లి మెల్లగ నడుసుకుంట పోయి గోల్ కొట్టిన్రు. గేటు తెరిచేలోపట ఇంకోటి కొట్టిన్రు. ఆఖరికి నాలుగు సున్నా.

మల్లనాడు సదర్ సాబ్ అందరి ముందట పిలిచి అడిగిండు. "క్యా అబ్రాహాం, నేను నీకు పోరగాండ్లను ఇచ్చిన్నా, ఎడ్లను ఇచ్చిన్నా?" మేం నవ్వినం. సారు కూడ నవ్విండు. సదర్ సాబ్ నవ్వలే. "వచ్చే ఏడు కామారెడ్డి మీద ఓడితె నీ కాగితం మీద నా దస్తఖత్ ఉండది. యాద్ ఉంచుకో."

ఆ మాటతోని సారు మోటను ఇడిచిపెడతడనుకున్నం. ఇడువలే. గిరక సప్పుడుకు ఉరుకుడు ఒక్కటి మార్చిండు. "తప్పు దమ్‌ది కాదు, గిరకది. ఇగ నుంచి ఎవని ఎద వాడే ఇనాలె. ఊపిరి ఎగవోస్తె ఆగు, సల్లవడితె ఉరుకు. మోటకాడ నేర్చుకో, మ్యాచ్‌ల వాడుకో" అన్నడు. ఏడాది పొడుగున రోజు సాయంత్రం గదే పని. ముక్కుతోని పీల్చుడు, నోటితోని ఇడుసుడు. ఇయ్యాల రేపు పట్నంల పోరగాండ్లకు గడియారం వట్టుకొని గదే చేపిస్తున్నరు, దానికేదో పొడుగు పేరు వెట్టిన్రు. మా కాలంల దానికి పిచ్చి అని పేరు.

కాని ఆ పిచ్చితోని మా జట్టు గట్టివడ్డది. ఆట ఆఖరికి అవుతలోళ్లు నాలుకలు ఎళ్లవెడితె మేం అప్పుడే పక్కలకెల్లి లేసినట్టు ఉండేటోళ్లం. ఈసారి కామారెడ్డి మాదే అని ఊర్లె అందరు అన్నరు. నేను మాత్రం లోపల ఇంకో మాట అనుకున్న. గోల్ నేనే కొట్టాలె, సారు కొలువు నేనే నిలవెట్టాలె.

నలభై ఏడు ఫస్లీ మ్యాచ్ పొద్దుగాల సలి బాగున్నది. బస్సుల దుమ్ము. కామారెడ్డి ఇంకా రానేలేదు, నా ఎదల పిల్లి లేసింది. సారు నా పక్కకు వచ్చి కూసున్నడు.

"ఏందిరా, నీ ఎదల పిల్లి కూస్తున్నది?"

"బస్సు సప్పుడు సార్."

"బస్సు ఆగి శాన సేపైంది గదరా."

నిజమే, డ్రైవర్ దిగి నీళ్లు వోస్తున్నడు. సారు నన్ను ఆపుదామంటె మేం పోయిందే పదకొండు మందిమి. "ఇను బిడ్డా, ఇయ్యాల నీకు ఒక దౌడుకు రెండు దమ్‌లు. బాల్ పోతె పోనీ. నాకు మాట ఇయ్యి" అన్నడు. నేను చేతిల చెయ్యేసి మాట ఇచ్చిన. ఇచ్చేటప్పుడే అది నిలవెట్టనని నాకు తెలుసు.

మ్యాచ్ బాగ నడిచింది. వాళ్లొకటి కొట్టిన్రు, మేమొకటి కొట్టినం. వాళ్ల పోరగాండ్లు అలిసి నడుస్తున్నరు, మా వాళ్లు ఉరుకుతున్నరు. గెలుపు మా చేతికి వచ్చినట్టే ఉండె. నేను మొదటి నుంచి ఒక్క దమ్ కూడ తీసుకోలే. సారు గీత మీద ఉరుక్కుంట "దమ్, రాజేశం, దమ్" అని మొత్తుకుంటున్నడు. నేను చెవిటోని లెక్క ఉన్న. ఇంకో పది నిమిషాల ఆట ఉన్నదనంగ బాల్ నా కాడికి వచ్చింది. ముందట గోల్‌కీపర్ ఒక్కడే. బాల్ ఎడమకాలు మీదికి వడ్డది. నేను తొందరవడి దాన్ని కుడికాలు మీదికి మార్చుకొని కొట్టిన. అది టేషన్ దిక్కు ఎల్లిపోయింది.

గప్పుడు నా కండ్లకు మైదాన్ పచ్చగ కనవడ్డది, తరువాత నల్లగ కనవడ్డది. గాలి లోపటికి పోతలేదు. అయినా వంగి మోకాళ్లు వట్టుకొని, ఇంకొక్క దౌడ్, ఇంకొక్క దౌడ్ అనుకుంటున్న. సారు మైదాన్‌లకు వచ్చిండు. రెఫ్రీ సీటీ ఊదిండు, "బయటికి పో" అన్నడు. సారు ఆగలే. నన్ను వడ్ల బస్త లెక్క భుజాన ఏసుకున్నడు. ఆ రోజుల్ల ఒకని బదులు ఇంకొకన్ని దించే కానూన్ లేదు. నేను ఎల్తె మావాళ్లు పది మందే.

"దించు సార్, దించు" అని ఆయన ఈపు మీద గుద్దిన. దించలే. నాకు ఏడుపు, కోపం, ఊపిరాడక పిచ్చి. మైదాన్ అంత ఇనేటట్టు అన్న. "నీకు దమ్ లేదు. అందుకే అందర్ని ఆపుతవ్. నీకు దమ్ లేదు."

నీకు అన్న. మీకు అని కూడ అనలే. మా పోరగాండ్లు ఇన్నరు, కామారెడ్డోళ్లు ఇన్నరు, కుర్చేసుకొని కూసున్న సదర్ సాబ్ ఇన్నడు. సారు అడుగు ఒకపారి తడవడ్డది. మల్ల నడిచిండు.

టేషన్ గోడ నీడకు కూసోవెట్టి నన్ను ముందటికి వంచిండు, ఈపు మీద చెయ్యేసి రాసిండు. ఎవరినో పంపి వేడి చాయ్ తెప్పిచ్చిండు. ఎనుక మైదాన్‌ల జనం ఒక్కపారి మొత్తుకున్నరు. ఆ మొత్తుకునుడు కామారెడ్డోళ్లది. నేను ఇడిచిపెట్టి వచ్చిన ఎడమ దిక్కుకెల్లే వాళ్లు వచ్చి గోల్ కొట్టిన్రని తరువాత తెలిసింది. ఆ మొత్తుకునుడుతోని తన కొలువు పోయిందని సారుకు తెలుసు. తల తిప్పి సూడలే. "మెల్లగ ఇడువు గాలి. ఇంకా మెల్లగ. తొందరేం లేదు మనకు" అన్నడు.

సదర్ సాబ్ వచ్చి నిలవడ్డడు. "ఖేల్ ఖతం, అబ్రాహాం" అన్నడు. మనిషి చెడ్డోడు కాదు, మాట మాత్రం మాటే.

వారంల సారు సామాను కట్టుకొని డోంగ్లి దిక్కు ఎల్లిపోయిండు, మరియమ్మ తమ్ముడు ఆ దిక్కు ఉండె. జట్టంత పోయి సాగనంపింది. నేను పోలే. దమ్ము తగ్గలేదని మంచంల వండుకున్న. అప్పటికి దమ్ము తగ్గి రెండు దినాలైంది. మొఖం సూపియ్యనీకి నాకు దమ్ లేకుండె, అసలు దమ్ లేంది నాకే.

నెల తరువాత ఒకనాడు బాయికాడ బాలమల్లు నడుము వట్టుకొని కూసున్నడు. "మీ సారు పోయినంక నా నడుము ఇరిగిపోతున్నదిరా" అన్నడు.

"సారుకు నీ నడుముకు ఏం సంబంధం అన్నా?"

"ఏం సంబంధమా? రెండేండ్ల సంది తెల్లారగట్ల వచ్చి నా మోట ఆయనే కొట్టేటోడు గదరా. నేను ముసుగు తన్ని వండుకునేటోన్ని. బదులుకు ఆయన అడిగింది ఒక్కటే. సాయంత్రం మీరు ఆడేటప్పుడు ఎడ్లను ఎనుకకు మెల్లగ ఎక్కియ్యాలె, అంతే. నాకు నవ్వొచ్చింది. ఎందుకు అబ్రాం అని అడిగిన. ఒక పోరనికి దమ్మున్నది పటేలా, బంగారమసొంటి కాలున్నది వానికి, ఆట ఇడిపిస్తె సచ్చిపోతడు అన్నడు."

నేను ఆయన ముందట ఒడ్డు మీద కూసున్న.

బాలమల్లు చుట్ట ముట్టిచ్చుకున్నడు. "మరి వాన్నొక్కన్నే ఆపరాదా, అందర్ని ఎందుకు ఆపుతవ్ అని అడిగిన. వాన్నొక్కన్ని ఆపితె పోరగాండ్లు వాన్ని నవ్వుతరు పటేలా. అందర్ని ఆపితె నన్ను నవ్వుతరు. నన్ను నవ్వితె నాదేం పోతది అన్నడు."

ఏ మోటకాడికి మల్ల పోవలసి వస్తదో అని ఆయన భయపడ్డడో, ఆ మోటనే నా కోసం రెండేండ్లు చీకటితోని లేసి కొట్టిండు. నేను ఆయనను దమ్ లేనోడన్న. ఆ పొద్దు నేను బువ్వ తినలే. నన్ను నేను తిట్టుకున్నన్ని తిట్లు మా ఊర్లె ఎవ్వడు తిట్టలే.

అయినా తెల్లారే పోయి కాళ్ల మీద పడ్డన్నా? పడలే. చదువుకని నిజామాబాద్ పోయిన, రేపు పోత ఎల్లుండి పోత అనుకుంట మూడేండ్లు ఎల్లదీసిన. సిగ్గు మనిషిని రోగం కన్న ఎక్కువ కూసోవెడ్తది. ఆఖరికి ఒకనాడు బోధన్ మీదికెల్లి సగం దూరం బస్సు, సగం దూరం ఎడ్లబండి ఎక్కి డోంగ్లి పక్క ఊరికి పోయిన. అడిగితె ఒక ముసలాయన మరాఠీ తెలుగు కలిపి "మాస్తరా? గా మోటకాడ ఉంటడు" అని సూపిచ్చిండు.

మరియమ్మ బాయి దారిల ఎదురైంది. నన్ను గుర్తువట్టి కడుపు నిండ నవ్వింది. "ఇంకా గట్లనే తింటడమ్మా, సారు? ఐదు బుక్కలకోసారి ఆగి?" అన్న.

"అది మొదలు నీ కోసం ఏసిన ఏషమే బిడ్డా. డ్రిల్లు కాడ ఒక్కదాంట్ల ఆగితె ఎవరికన్న అనుమానమొస్తదని అన్నింట్ల ఆగుడు మొదలువెట్టిండు. తరువాత ఏషం మనిషిని మింగేసింది. ఇప్పుడు ఆపుమన్నా ఆపడు, నా పానం తీస్తున్నడు."

సారు మోట ఆపి గిరక గుంజకు ఒరిగి నిలవడి ఉన్నడు. వెంట్రుకలు నెరిసినయి. ఆ బాయి పటేలు పిల్లలు పక్కన గుడ్డల చెండు ఆడుకుంటున్నరు. నేను పోయి కాళ్లు వట్టుకున్న. దారి పొడుగున కూడవెట్టుకున్న మాటలన్ని ఒక్కపారి మీదవడ్డయి. "సార్, ఆ రోజు మిమ్మల్ని అనరాని మాట అన్న. మూడేండ్ల సంది నాకు నిద్ర లేదు సార్."

"ఏ మాటరా?"

"మీకు దమ్ లేదన్న."

"గట్లన్నవా?" అని ఆయన నన్ను లేవట్టిండు. "ఎవనికి ఇనవడ్డదిరా? నీ ఎదల పిల్లికూతలే ఇనవడ్డయి నాకు. ఏదో మియావ్ మియావ్ అన్నవనుకున్న."

మైదాన్ మొత్తం ఇన్న మాట అది. ఆయన అబద్ధమాడుతున్నడని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఇద్దరం ఎడ్ల దిక్కు సూసినం.

"కొలువు పోయింది గద సార్, నా పాపాన."

"పోయింది. దానికేం గాని, ఒకదాని మీద మాత్రం నీ మీద కోపం ఉన్నదిరా నాకు" అన్నడు. ఆగిండు. నేను తల వంచుకొని సూస్తున్న. ఆయన ముక్కుతోని గాలి పీల్చుకుంట పీల్చుకుంట నిలవడ్డడు, నాకు పానం పోయేటట్టున్నది. ఆఖరికి అన్నడు. "ఎడమకాలు మీదికి వడ్డ బాల్‌ను కుడికాలుకు ఎందుకు మార్చినవ్?"

ఆయన పిల్లల కాడికెల్లి చెండు గుంజుకొచ్చి నా ఎడమకాలు ముందట వెట్టిండు. గిరక కింద రెండు గుంజల దిక్కు చెయ్యి సూపిండు. "కొట్టు. మార్చకు."

నేను చెప్పులు ఇడిచి ఎడమకాలుతోని కొట్టిన. చెండు రెండు గుంజల నడుమకెల్లి సక్కగ పోయి బాయిల వడ్డది.

సారు ఒడ్డు మీదికి పోయి లోపటికి తొంగి సూసిండు. "మూడేండ్లు ఆలస్యమైతె అయింది గాని, గోలేరా" అన్నడు. పటేలు పిల్లలు చెండు కోసం ఏడుపందుకున్నరు. ఇద్దరం కలిసి బొక్కెన దించినం.